పొగను శుద్ధిచేయు పెట్టె – దాని రోగనిదానము

మన రెంటచింతల యెండలకు పేరుపడిన యూరు. వేసవి ముదిరినకొలది వాతావరణ శాఖవారి పట్టికలలో మన యూరిపేరు పైకి ప్రాకుచుండును. 45 డిగ్రీలు దాటిన దినములు మనకు వింత కాదు. ఆ దినములలోనే కారులు నడుపువారి నోట ఒక మాట తఱచుగా వినబడును: "బండి లాగుట లేదు." మాచెర్లనుండి గుంటూరునకు బయలుదేఱిన బాడుగకారు పిడుగురాళ్ల చేరకముందే ఆయాసపడును. ఆక్సిలరేటరును ఎంత త్రొక్కినను వేగము హెచ్చదు; లారీని దాటబోయి మరల వెనుకకు తగ్గవలసివచ్చును. షెడ్డునకు తీసికొనిపోగా, "క్యాట్‌కన్ పోయినది, మార్చవలయును" అని తీర్పు వచ్చును. పనివారు క్యాట్‌కన్ అని పిలుచునది కేటలిటిక్ కన్వర్టరు అను పెట్టె. కారునుబట్టి దాని వెల పదుల వేల రూపాయలు కావచ్చును. బాడుగకారుపై బ్రదుకు కుటుంబమునకు అది కొన్ని నెలల సంపాదన.

అప్పుచేసి మార్పించిన పిదప ఆఱు నెలలు తిరుగకముందే క్రొత్తదియు పాతదాని త్రోవనే పోయినచో ఆ యింటివారి గతి యేమి? ఇట్లు జరుగుట కలదు. జరుగుటకు కారణమును కలదు. ఈ పెట్టె తనంతట తాను చెడుట అరుదు. ఇంజనులోని మఱియొక దోషమే చాలవఱకు దానిని చెఱచును. ఆ దోషమును వెదకక పెట్టెను మార్చుట, పైకప్పు కారుచుండగా క్రింద తడిసిన చాపను మార్చుట వంటిది. కావున దోషమును కనుగొను క్రమమును ఇచ్చట వివరింపబూనితిమి. మేము చెప్పునది పెట్రోలు కారులను గూర్చి. డీజిలు బండ్ల సంగతి కొంత వేఱు. దానిని తరువాత నొక మాటలో చెప్పెదము.

రోగము నెఱుగుటకు ముందు దేహము నెఱుగవలయును. ఇంజనులో పెట్రోలు గాలితో కలిసి మండును. పూర్తిగా మండినచో నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును మాత్రమే యేర్పడవలయును. అట్టి సంపూర్ణ దహనము ఇంజనులో ఎన్నడును జరుగదు. కార్బన్ మోనాక్సైడు కొంత, మండని పెట్రోలు ఆవిరి కొంత, మిక్కిలి వేడివలన గాలిలోని నత్రజనియు ఆమ్లజనియు కూడి యేర్పడిన ఆక్సైడులు కొంత బయటికి వచ్చును. మొదటిది రంగు, వాసన లేని విషవాయువు. రక్తము ఆమ్లజనిని మోయకుండ అది యడ్డగించును. మూసిన గదిలో ఇంజను నడుచుచుండగా నిద్రించినవారు మరల లేవకపోవుటకు అదియే కారణము.

ఈ మూడు చెడుగులను దారిలోనే మార్చుటకై ఇంజనునకును సైలెన్సరునకును నడుమ ఉక్కుపెట్టె యొకటి యమర్చబడినది. దానిని కోసి చూచినచో లోపల తేనెపట్టువంటి పింగాణిదిమ్మ కనబడును. సాధారణముగా దాని మొగముపై చదరపుటంగుళమునకు 400 సన్నని రంధ్రములుండును; కొన్నింట నింకను హెచ్చుగా నుండును. ఆ పింగాణికి కార్డియరైటు అని పేరు. ఎంత కాలినను మిక్కిలి స్వల్పముగా మాత్రమే వ్యాకోచించుట దాని గుణము. అందువలననే ఈ పనికి అది యెన్నుకొనబడినది. రంధ్రముల గోడలపై అల్యూమినా పూత యుండును. ఆ పూతయందు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహముల సూక్ష్మరేణువులు నాటబడియుండును. ఇవి మిక్కిలి వెలగల లోహములు. ఒక్కొక్క పెట్టెలో కొద్ది గ్రాములకు మించియుండవు.

మన పై తరగతుల విద్యార్థులు పొటాసియము క్లోరేటునకు మాంగనీసు డైయాక్సైడును కలిపి వేడిచేసి ఆమ్లజనిని తయారుచేయు ప్రయోగము నెఱుగుదురు. మాంగనీసు డైయాక్సైడు పనిని త్వరపెట్టును గాని తాను తఱుగదు. అట్టిదానిని ఉత్ప్రేరకమందురు. పెట్టెలోని లోహములు చేయునదియు నట్టి పనియే. ప్లాటినము, పల్లాడియము విషవాయువును, మండని పెట్రోలును కాల్చి బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మార్చును. రోడియము నత్రజని ఆక్సైడులను విడదీసి నత్రజనిని నత్రజనిగా పంపివేయును. పూతలో కలిపిన సీరియా అను పదార్థము, ఆమ్లజని హెచ్చుగా నున్నపుడు దాచుకొని, తక్కువైనపుడు ఇచ్చును. మన యిండ్లలోని ధాన్యపుగాదె వంటిది. ఈ గాదె సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. రోగనిదానమున దానితో పనియున్నది.

ఉత్ప్రేరకము తఱుగనిది కావున, ఇంజను సరిగా నడచినచో పెట్టె లక్ష కిలోమీటర్లు దాటియు పనిచేయుచునే యుండును. కాని దానికి రెండు నియమములు కలవు. మొదటిది వేడి: ఇంచుమించు 250 మొదలు 300 డిగ్రీల వఱకు కాగిననే గాని అది మేల్కొనదు. రెండవది కొలత: ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్లు గాలి తూకముచొప్పున కలియవలయును. ఈ కొలతను కాచుటకే పొగగొట్టమునందు ఆక్సిజన్ సెన్సారు ఉన్నది. దాని మాట విని కారులోని కంప్యూటరు పెట్రోలును హెచ్చించుచు తగ్గించుచు నుండును.

దీనిచేత ఒక సంగతి తేటపడుచున్నది. రోడ్డుపై నడుచునపుడు 400 డిగ్రీలకు పైబడి కాగియుండు వస్తువునకు రెంటచింతల యెండ ఒక లెక్కలోనిది కాదు. ఎండదెబ్బకు కన్వర్టరు పోయెనని చెప్పు మాటను నమ్మరాదు. ఎండకు బలము తగ్గునది ఇంజను. వేడిగాలి పలుచనిది, ఒక్కొక్క పీల్పులో తక్కువ గాలి లోపలికి పోవును. పైగా ఏ.సి. యంత్రమును త్రిప్పుటకు కొంత బలము ఖర్చగును. రేడియేటరులో నీరు తఱిగినను, ఫ్యాను తిరుగకపోయినను ఇంజను కాగిపోవును. రోడ్ల ధూళికి గాలి ఫిల్టరు మూసికొనిపోవుట మన ప్రాంతమున మఱియు సామాన్యము. కావున "లాగుట లేదు" అనగానే మొదట చూడవలసినవి ఇవి. ఫిల్టరు వెల కొన్ని వందలే. పెట్టె వెల పదుల వేలు. తక్కువ వెలదానిని ముందు పరీక్షించుటలో నష్టమేమియు లేదు.

ఈ పెట్టె చరిత్రను క్లుప్తముగా చెప్పెదము. ఫ్రాన్సుదేశమున జన్మించి అమెరికాయందు స్థిరపడిన యూజిన్ హౌడ్రీ (1892–1962) అను ఇంజనీరు, లాస్ ఏంజెలెసు నగరమును క్రమ్ముకొను పొగమంచును చూచి, 1950 తరువాత కారులకై ఇట్టి యుత్ప్రేరక పాత్రను నిర్మించెను. కాని ఆనాటి పెట్రోలులో సీసము కలిపెడివారు. ఆ సీసము లోహరేణువులపై పూతగా పేరుకొని వానిని పనికిరానివిగా జేసెను. సీసము లేని పెట్రోలు వచ్చినపిదపనే, 1975 నాటి నమూనాలనుండి, అమెరికా కారులలో ఈ పెట్టె వ్యాపించినది. మన దేశమున 1995 ఏప్రిలు 1 నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కారులకు ఇది విధింపబడెను. దేశమంతట సీసము లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి గాని రాలేదు. నడుమ అయిదేండ్లు, మద్రాసులో కొన్న కారు దూరపు పల్లెకు వచ్చి దొరికిన పెట్రోలు పోయించుకొన్నచో, పెట్టెకు విషమిచ్చినట్లే యయ్యెడిది. ఇపుడు సీసముయొక్క భయము లేదు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి ఆఱవ మెట్టు నిబంధనలతో పెట్రోలులోని గంధకమును పదిలక్షల పాళ్లకు 10 పాళ్లకు తగ్గినది. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వచ్చుట కన్వర్టరు చెడినదానికి మొదటి గుర్తని పాతపుస్తకములలో చదువుదుము. ఆ వాసన గంధకమువలన కలుగునది కాన, నేడది అరుదైనది. వాసన రాలేదు గనుక పెట్టె బాగున్నదని నిశ్చయింపరాదు.

ఇక రోగము. ఈ పెట్టెకు వచ్చు రోగములు రెండు తెగలవి. ఒకదాని లక్షణములు మఱియొకదానికుండవు. ఈ భేదమును గమనింపకపోవుటయే పెక్కు తప్పుడు తీర్పులకు మూలమని మా యభిప్రాయము.

మొదటి తెగ మూతపడుట. తేనెపట్టు కరగియో, విఱిగియో, మసిచే నిండియో దారి మూసికొనిపోవును. పొగ బయటికి పోజాలనిచో క్రొత్త గాలి లోపలికి రాజాలదు. ఇంజను స్టార్టగును, నెమ్మదిగా నడుచును. వేగము కోరినపుడు ఊపిరాడదు. ముదిరినచో స్టార్టయిన కొద్దిసేపటికే ఆగిపోవును. రెండవ తెగ శక్తి యుడుగుట. దారి తెఱచియే యున్నది, పొగ ధారాళముగా పోవుచున్నది. కాని లోహములు పనిచేయవు, శుద్ధి జరుగదు. ఈ రెండవదానిలో కారు చక్కగా లాగును! డాష్‌బోర్డుపై ఇంజను బొమ్మగల పసుపుపచ్చ దీపము వెలుగుటయో, కాలుష్య పరీక్షలో తప్పుటయో తప్ప నడుపువానికి వేఱొక గుర్తు తెలియదు. కావున బండి లాగనపుడు కేవలము దీపమును చూచి పెట్టెను నిందించుటయు, దీపము వెలుగలేదు గనుక దారి మూయలేదనుటయు, రెండును పొరపాటే.

మూతపడుటను పరీక్షించు మార్గములు సులభములు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప రబ్బరు సుత్తితో పెట్టెను మెల్లగా తట్టవలయును. లోపల పెంకులు కదలిన చప్పుడైనచో తేనెపట్టు విఱిగినదని యర్థము. చప్పుడు కానంతమాత్రమున బాగున్నదని చెప్పజాలము. కరగి ముద్దయైనది చప్పుడు చేయదు. పొగగొట్టము కొనయొద్ద చేయిపెట్టి వేగమును చూచుట మోటు పరీక్ష. పూర్తిగా మూసికొనిపోయినదానిని మాత్రమే అది పట్టియిచ్చును.

నమ్మదగినది వాక్యూము గేజి పరీక్ష. టర్బో లేని ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు దాని పీల్పుగొట్టములో సామాన్యముగా 17 మొదలు 21 అంగుళముల పాదరసపు పీల్పు చూపవలయును. నిమిషమునకు 2,500 చుట్లకు హెచ్చించి అక్కడనే నిలిపినచో, ముల్లు క్షణకాలము తగ్గి మరల మునుపటి చోటికి రావలయును. అట్లుగాక ముల్లు మెల్లమెల్లగా దిగజారుచుండినచో వెనుక దారి మూసికొనినదని తెలియును. ఇంతకన్న సూటియైనది మఱియొకటి: ముందువైపు ఆక్సిజన్ సెన్సారును విప్పి, ఆ రంధ్రమున ఒత్తిడి గేజిని బిగించుట. నెమ్మదిగా తిరుగునపుడు చదరపుటంగుళమునకు ఒకటిన్నర పౌను, 2,500 చుట్ల యొద్ద 3 పౌనులు మించినచో అడ్డున్నట్లే. ఏ గేజియు లేనిచోట, సెన్సారును విప్పి కొద్ది నిమిషములు నడిపి చూచెడివారు కలరు. అపుడు ఇంజను ఊపిరి పీల్చుకొన్నట్లు లేచినచో అనుమానము బలపడును. ఈ పరీక్షలన్నియు ఆరుబయట చేయవలెనే గాని రేకుల షెడ్డులో తలుపులు మూసి చేయరాదు. ఆ విషవాయువుయొక్క కథ పైన చెప్పియే యున్నాము.

రెండవ తెగ రోగమునకు స్కానరు కావలయును. పెట్టెకు ముందొక సెన్సారు, వెనుకనొక సెన్సారు ఉండును. పాతరకపు సెన్సారయినచో ముందుదాని వోల్టేజి 0.1 నుండి 0.9 వఱకు గడియారపు లోలకమువలె ఊగుచుండును. పెట్టెలోని గాదె నిండుగా నున్నచో ఈ హెచ్చుతగ్గులను తాను మ్రింగివేయును. వెనుక సెన్సారు ఇంచుమించు 0.6, 0.7 వోల్టుల యొద్ద నిలుకడగా నుండును. గాదె పాడైనచో వెనుకదియు ముందుదానివలెనే ఊగులాడును. కంప్యూటరు దీనిని గమనించి దీపము వెలిగించి, పి–0420 అను సంఖ్యను వ్రాసిపెట్టును. క్రొత్తకారులలో ముందు సెన్సారు వేఱురకపుది కావున అది యిట్లూగదు. వాటిలో వెనుకదాని నిలుకడనే చూడవలయును.

ఈ పి–0420 ని చూడగానే పెట్టెకు మరణశాసనము వ్రాయు పనివారు కలరు. ఆ సంఖ్య చెప్పునది, వెనుక సెన్సారు మాటనుబట్టి శుద్ధి తక్కువగా కనబడుచున్నదని మాత్రమే. జాయింటునొద్ద చిల్లుండి బయటిగాలి లోపలికి దూరినను, సెన్సారే ముసలిదైనను అదే సంఖ్య రాగలదు. చిల్లున్నచో చల్లని ఇంజనును స్టార్టుచేసినపుడు టిక్కుటిక్కుమను చప్పుడు వినబడును, అతుకునొద్ద మసి చార కనబడును. పి–0300 మొదలగు సంఖ్యలు తోడుగా నున్నచో వానినే ముందు చూడవలయును. అవి సిలిండరులో నిప్పు సరిగా పడుట లేదని చెప్పుచున్నవి. కాలుష్య పరీక్షా కేంద్రమువారి చీటియు ఉపయోగకరమే. భారత్ స్టేజి నాలుగు, ఆఱు మెట్ల పెట్రోలు కారులకు నెమ్మదిగా తిరుగునపుడు కార్బన్ మోనాక్సైడు నూటికి 0.3 పాలు, మండని ఆవిరులు పదిలక్షలకు 200 పాళ్లు మించరాదు.

పెట్టె ముందుకొన, వెనుకకొనల వేడిని కొలిచి, వెనుక హెచ్చుగా నున్నచో బాగున్నదనుట మఱియొక వాడుక. ఇది మాకు అంతగా రుచింపదు. ఇంజను శుభ్రముగా మండుచున్నపుడు పెట్టెలో కాలుటకు మిగులునది స్వల్పము. వేడి భేదమును స్వల్పమే. మంచి పెట్టె చెడ్డదని తేలు ప్రమాదమున్నది. అయితే వెనుకకొన మితిమీఱి కాగినచో అది మఱియొక సమాచారము: ఇంజను మండని పెట్రోలును పంపుచున్నదన్నమాట.

ఇదియే మూలరోగము. స్పార్కు ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో చెడి ఒక సిలిండరు మండకున్నచో, ఆ పెట్రోలంతయు పచ్చిగా పెట్టెలోనికి పోయి అచ్చట మండును. వేడి వేయి డిగ్రీలు దాటి, లోహపుపూత పాడగును. ఇంకను హెచ్చినచో పింగాణియే కరగును. పసుపుపచ్చ దీపము నిలుకడగా వెలుగక మిటుకుమిటుకుమని ఆడుచున్నచో అర్థమిదియే. అట్టి దీపముతో గుంటూరు వఱకు లాగించినచో, వేయి రూపాయల ప్లగ్గులతో పోవలసినది పదుల వేలకు పెరుగును. నెమ్మదించి, వీలైనంత త్వరలో ప్రక్కన ఆపవలయును.

మన షెడ్లలోని రెండు పాత అలవాటులును ఇచ్చట స్మరింపదగినవి. ఏ సిలిండరు మండుట లేదో తెలిసికొనుటకు ఇంజను నడుచుచుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా పీకిచూచుట మొదటిది. కన్వర్టరు లేని పాతకారులకు ఇది మంచి పరీక్షయే. కన్వర్టరున్న కారున ప్రతి పీకుడును కొంత పచ్చిపెట్రోలును పెట్టెకు పోయుటయే. బ్యాటరీ చచ్చిన కారును పలుమాఱు తోసి స్టార్టుచేయ జూచుట రెండవది. దీనివలన కలుగు కీడును అదియే. ఇంజను ఆయిలు త్రాగు ముసలి కారులలో ఆయిలులోని భాస్వరము లోహములపై పేరుకొని వానిని కప్పివేయును. హెడ్ గాస్కెటు చెడి కూలెంటు లోపలికి కారినను ఇట్టి కీడే కలుగును. అడుగున రాయి తగిలి పింగాణి పగులుట గతుకుల రోడ్లపై జరుగగలదు. పెట్టెపై సొట్ట కనబడినచో అనుమానింపవచ్చును.

పెట్టెను మార్చక తప్పదని తేలినచో, పాతదానిని విప్పిన పిదప యజమాని తప్పక దాని మొగము చూడవలయును. ఇది శవపరీక్ష వంటిది. రంధ్రములు కరగి మెఱయుచున్నచో ప్లగ్గులను, కాయిళ్లను వెదకుడు. నల్లని మసి దట్టముగా నున్నచో పెట్రోలు హెచ్చుగా పోవుచున్నది. ఇంజెక్టరులను, ముందు సెన్సారును చూడుడు. బూడిదవంటి తెల్లని పూత యున్నచో ఆయిలో కూలెంటో కారుచున్నది. ఈ కారణమును బాగుచేయించినపిదపనే క్రొత్తది బిగింపవలయును. పాతదానిని ఊరకే వదలి రాగూడదు. అందలి ప్లాటినము మొదలగు లోహములకు పాతసామాను వర్తకులయొద్ద వెల యున్నది.

లోపలి తేనెపట్టును ఇనుపకడ్డీతో పొడిచి రాల్చివేసి, ఖాళీ డొల్లను బిగించి యిచ్చెదమని చెప్పువారును కలరు. ఖర్చు తక్కువ గనుక పేదవాని కిది ఆశ పుట్టించును. కారు లాగును కూడ. కాని దీపము ఆరదు, కాలుష్య పరీక్షలో తప్పును, చట్టమునకు విరుద్ధము. అన్నిటికి మించి, ఆ కారు వెనుక నడచు బడిపిల్లలు పీల్చు గాలిలోనికి విషము వడపోత లేక వచ్చును.

డీజిలు బండ్లయందు గాలి యెల్లపుడు హెచ్చుగా నుండును గాన పద్ధతి వేఱు. ఆఱవ మెట్టు డీజిలు కారులలో మసిని పట్టు ఫిల్టరొకటి యదనముగా నున్నది. ఊరిలోనే కొద్దిదూరములు తిరుగు బండిలో అది కాగక మసితో నిండును; అపుడపుడు పెద్దరోడ్డుపై నిలుకడయైన వేగముతో కొంతసేపు నడిపినచో ఆ మసి తనంతట కాలిపోవును.

ఇంకొక జాగ్రత్త. ఈ పెట్టె కారు అడుగున, నేలకు జానెడు ఎత్తున నుండును. ఇంజను ఆపిన పిదపను దాని వేడి వెంటనే చల్లారదు. మన పలనాటిలో వేసవినాటికి గట్లపై గడ్డి యెండి దూదివలె నుండును; కళ్లములలో చొప్ప, వరిగడ్డి, ఆరబోసిన మిరపకాయలు పఱచియుండును. ప్లగ్గు చెడి పెట్టె ఎఱ్ఱగా కాగిన కారును అట్టిచోట నిలిపినచో నిప్పంటుకొనుటకు అగ్గిపుల్ల యక్కఱలేదు. పెండ్లికో తిరునాళ్లకో వచ్చిన కారులను పొలములలో నిలుపునపుడు, దున్నిన మట్టినేలనో, గడ్డి లేని గట్టినేలనో చూపవలసినదని యువకులకు చెప్పియుంచవలయును.